మంచులో మోగిన గంట

దెయ్యమైతే నియమం ప్రకారం గంట కొడుతుందా? రోప్‌వే పైగది ఆపరేటర్ ఆరేళ్లుగా ఈ అనుమానాన్ని మోస్తున్నాడు. రోజూ దేవుడికి దండం పెట్టుకుని మరీ మీట పట్టుకునే మనిషి కాబట్టి, సిగ్గుపడి ఎవరినీ అడగలేకపోయాడు.

ఆరేళ్ల కిందటి ఆ సాయంత్రం కిందిగది పెద్దాయన, తాళం వేసి ఇంటికి వెళ్తున్నానని, తాడుకు వేలాడే ఖాళీ పెట్టెను పైకి లాక్కోమని ఫోన్ చేశాడు. పెట్టె సగం దూరం వచ్చేసరికి, అప్పటిదాకా ఎండ కాస్తున్న లోయ ఉన్నట్టుండి తెల్లగా మూసుకుపోయింది. అతను మీట ఆపాడు. అప్పుడు గంట మోగింది. రెండుసార్లు వెంటవెంటనే, కాస్త ఆగి మూడోసారి.

రెండు గదుల్లోనూ, పెట్టెలోనూ గంటా బొత్తామూ ఉన్నాయి; ఒకచోట నొక్కితే మిగతా రెండుచోట్లా మోగుతుంది. మూడుసార్లు మోగితే క్షేమమేనా అని అడిగినట్టు. విన్నవాళ్లు తిరిగి మూడుసార్లు మోగించాలి. కింద గదికి తాళం, పెట్టెలో మనిషి లేడు. మంచులో ఎవరు పిలిచినా పలకొద్దని చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. అతను పలకలేదు. మంచు పలచబడగానే పెట్టెను మళ్లీ కిందికే పంపేసి, తల తిప్పకుండా ఇల్లు చేరాడు.

పెద్దాయన రిటైరయ్యాక ఆయన కూతురే కిందిగదిలోకి వచ్చింది. ఫోన్‌లో అతన్ని ‘మౌనస్వామిగారూ’ అంటుంది. రెండు నెలల కిందట, గాలి వేగం చెప్పినంత మామూలుగా, మనం పెళ్లి చేసుకుందామా అని అడిగింది. అతను, రేపు కూడా గాలి ఉండేట్టుందని చెప్పాడు. ఆమె బదిలీకి అర్జీ రాసుకుంది. దాని మీద సీనియర్‌గా అతనే సంతకం చేయాలి.

ఈ మధ్యాహ్నం ఆ కాగితం పట్టుకుని, కిందిగదికి తాళం వేసి, ఆమే పెట్టె ఎక్కింది.

సగం దూరం వచ్చిందో లేదో, పక్షుల అరుపులు ఆగిపోయాయి. లోయలోంచి లేచిన తెలుపు చెట్లను, స్తంభాలను, చివరికి కిటికీ రెక్కను కూడా మింగేసింది. ఇనుప తాడు మూరెడు కనబడి, ఆపైన దేనికీ కట్టనట్టు మాయమైంది. గాలికి అది ఎవరో మూలుగుతున్నట్టు మోగుతోంది. అతను మీట ఆపాడు.

గంట మోగింది. రెండుసార్లు వెంటవెంటనే. కాస్త ఆగి, మూడోసారి.

పెట్టెలో ఉన్నది ఆమేనని అతనికి తెలుసు. కానీ ఈ మోత ఆనాటిది. ఎవరైతేనేం, అడుగుతున్నది క్షేమమే కదా, దానికి కూడా పలకకపోతే పొద్దున పెట్టిన దండానికి అర్థమేముంది అనుకున్నాడు. కళ్లు మూసుకుని బొత్తాం మూడుసార్లు నొక్కాడు.

మంచు పలచబడ్డాక పెట్టె వచ్చి ఆగింది. జుట్టంతా తెల్లటి తుంపరతో దిగిన ఆమె ఒక్క క్షణం ముసలిదానిలా కనబడింది.

“ఇవాళ పలికారే,” అంది.

“ఆ రోజు... నువ్వేనా?”

“నాన్న తాళం వేస్తుంటే దొంగగా ఎక్కాను. నాన్న ఫోన్‌లో వినబడే ఆ గొంతు ఎవరిదో చూద్దామని. మధ్యలో ఆగిపోయింది. మీరు పలకలేదు. ఈ లోకంలో నేనొక్కదాన్నే మిగిలానేమో అనుకున్నా.”

ఇన్నేళ్లూ చెప్పలేదేమని అడిగాడు. మొదట నాన్న తిడతాడని, తర్వాత మీరే అడుగుతారని ఆగానంది. అతను తల దించుకుని, దెయ్యమనుకున్నానని ఒప్పుకున్నాడు.

“మరి దెయ్యాన్ని పెళ్లి చేసుకుంటారా?”

“చేసుకుంటాను,” అన్నాడు. ఈసారి గాలి సంగతి ఎత్తలేదు.

ఆమె అర్జీని నాలుగు మడతలు పెట్టి చింపేసింది. “ఇందాకటి మూడూ ఇవాళ్టివి. ఆ రోజువి ఇంకా బాకీ.”

అతను మళ్లీ బొత్తాం దగ్గరికి వెళ్లి మూడుసార్లు నొక్కాడు. లోయ అడుగున, తాళం వేసిన గదిలో, ఎవరూ లేనిచోట గంట సన్నగా మోగడం ఇద్దరూ విన్నారు. రెండుసార్లు వెంటవెంటనే. కాస్త ఆగి, మూడోసారి.