హెన్రీ పిడికిట్లో తువ్వాలు

మైలవరం జలాశయంలో హెన్రీ శవం సోమవారం పొద్దున తేలింది. కణత మీద గాయం. పిడికిట్లో తువ్వాలు.

అతని పడవ నడినీళ్లలో ఖాళీగా ఆగి ఉంది. మోటారు మీది మూత ఊడదీసి ఉంది. ఒడ్డుకు తెచ్చాక కానిస్టేబుల్ తాడు లాగితే, మొదటి గుంజుకే స్టార్టయింది.

అందరినీ తప్పుదారి పట్టించింది అదే. ఇంజను బాగుంది. పెట్రోలుంది. గాలివాన లేదు. నడినీళ్లలో ఎందుకు ఆగాడు? ఈతగాడు ఎలా మునిగాడు? దూకాడన్నారు. గాయం రాయి తగిలి అయిందన్నారు. ఆదివారం సాయంత్రం గొడవపడే వెళ్లాడని భార్య విశ్వాసమ్మ కూడా ఒప్పుకుంది.

ఆత్మహత్య అయితే సమాధుల తోటలో చోటివ్వలేమని చర్చి సంఘ పెద్దలు తేల్చేశారు. శవం మార్చురీలోనే ఉండిపోయింది.

బుధవారం సీఐ హబీబ్ వచ్చేసరికి విశ్వాసమ్మ ఒడ్డున కూర్చుని ఉంది.

"నా నోటి మాటకే సచ్చిపాయనా సార్? అదొక్కటి చెప్పండి."

హబీబ్ హెన్రీ తమ్ముడు జయరాజ్‌ను పిలిచాడు. అతనికీ ఒక పడవ ఉంది. ఇద్దరి మోటార్లూ ఒకే పాత రకం.

"అన్న మోటారుకు రిపేరేమన్నా ఉందా?"

"లేదు సార్. బాగుండాది."

"మధ్యలో ఎప్పుడన్నా ఆగిందా?"

"లేదు సార్."

వదినామరుదులను హెన్రీ పడవలో ఎక్కించుకుని హబీబ్ తాడు లాగాడు. ఇంజను అందుకుంది. అరగంట తిప్పాడు. నడినీళ్లలో దగ్గి ఆగిపోయింది.

మళ్లీ లాగాడు. ఉలకలేదు. అతను ఎర్రగుంట్ల లారీ మెకానిక్ కొడుకు. ప్లగ్ విప్పి, ఇంజను ఇనుముకు ఆనించి తాడు లాగాడు. స్పార్క్ లేదు. స్పార్క్ పుట్టించే కాయిల్ మీద వేలు పెట్టి చటుక్కున తీశాడు. కాలుతోంది. రుమాలు తడిపి దాని మీద కప్పాడు. కాసేపాగి లాగాడు.

స్పార్క్ వచ్చింది.

"ఈ కాయిల్ వేడెక్కితేనే చస్తుంది. రాత్రంతా చల్లారింది కాబట్టి పొద్దున లేచింది. హెన్రీ తువ్వాలు మీద కాయిల్ సైజులో గ్రీజు అచ్చు ఉంది. ఒకసారి కప్పినాడు. మళ్లీ తడపబోయి, వెనక అంచున వంగి జారినాడు. కణత మోటారు బిగించిన ఈ బ్రాకెట్‌కు కొట్టుకుంది. సందులో వెంట్రుకలు దొరికాయి. చావాలనుకున్నోడు ఇంజను చల్లబెట్టుకోడమ్మా."

విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ మోటారు కూడా చూసినా. రెండింటికీ కాయిల్ బోల్టుల మీద కొత్త గీతలున్నాయి. కాయిల్ మార్చిందెవరు జయరాజ్?"

జయరాజ్ ఒప్పుకున్నాడు. ఆదివారం టూరిస్టుల బాడుగ వచ్చిందని, వేడెక్కి ఆగిపోయే తన కాయిల్‌తో వాళ్లను నడిమధ్యన నిలపకూడదని అన్న కాయిల్ అడిగానన్నాడు. ఒకరి పడవ సామాను ఇంకొకరు వాడుకోవడం ఆ ఇంట్లో మామూలే. హెన్రీ తన మంచి కాయిల్ తానే విప్పి ఇచ్చాడు. తమ్ముడి పాతది బిగించుకున్నాడు.

"ఆగితే గుడ్డ తడిపి ఎయ్యన్నా అని నేనే చెప్పినా వదినా. దూకినాడని అందరూ అంటాంటే... నాకు నోరు రాలే."

"నేనే సంపినానని మూడు దినాలు ఏడ్సినా. సూస్తా ఊరకున్నావు గదప్పా."



హబీబ్ పడవను ఒడ్డుకు తిప్పాడు. దిగాక అది ఆత్మహత్య కాదని పాస్టరుకు ఫోన్ చేయమని ఆమె మరిదికే చెప్పింది.

"గుంత నువ్వే తవ్వల్ల. కూలోళ్లను పెట్టొద్దు."

అక్కడిది రాతినేల. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. జయరాజ్ సరేనన్నాడు.