మూడో బొత్తాం

ఆదివారం కళ్లద్దాల దుకాణానికి సెలవు. అక్కడ పాతికేళ్లుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్న ఆమెకు మాత్రం సెలవు లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కిటికీ దగ్గర బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పాత ఫోటో కార్డులు ముందేసుకుని కూర్చుంటుంది. అవి అచ్చు బొమ్మలు కావు. పూర్వం స్టూడియో వాళ్లు నేరుగా కార్డు మీదే ఫోటో కడిగి ఇచ్చేవారు. వెనక చిరునామా గీతలూ, స్టాంపు గడీ ఉండేవి. అచ్చు బొమ్మను భూతద్దం కింద పెడితే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఇవి అలా కాదు, దగ్గరికి వెళ్లేకొద్దీ ఇంకా ఏదో ఒకటి చెబుతాయి.

సంతలో పాత సామాన్లమ్మే మనిషి ఆమెను చూడగానే పరాయి చుట్టాల మేడమ్ వచ్చారని నవ్వుతాడు. అతనన్నదాంట్లో తప్పేం లేదు. ఏభై ఏళ్లొచ్చినా నా వాళ్లని చెప్పుకోవడానికి ఆమెకున్నది తండ్రి ఒక్కడే. కార్డుల్లో మాత్రం బోలెడంత మంది. నీడ పొడవు చూసి ఏ పూట తీశారో చెప్పగలదు. భుజం జారిన కోటు చూస్తే చాలు, అరువు కోటని పట్టేస్తుంది. ఏ కార్డు కొన్నా ముందు వెనక్కి తిప్పుతుంది. అసలు సంగతి వెనకాలే ఉంటుందని ఆమె నమ్మకం.

ఆమె తిప్పి చూడనిది ఒక్కటే. అది సొంత ఇంట్లోనే ఉంది, తలుపు పైన, చెయ్యి అందనంత ఎత్తులో, అద్దం వెనకాల. కుర్చీలో అమ్మ, ఒళ్లో దుప్పటి కప్పుకున్న పసిబిడ్డ. ఆ బిడ్డ మీ అన్నయ్య అనీ, నువ్వు పుట్టకముందే పోయాడనీ నాన్న చెప్పాడు. ఈమెకు ఎనిమిదో నెల నిండకుండానే అమ్మ కూడా పోయింది. అమ్మతో కలిసి ఈమెకు ఫోటో లేదు. చిన్నప్పుడు ఆ తలుపు దాటేటప్పుడు పైకి చూసేది కాదు. పోయిన పసివాడిని చూసి కుళ్లుకోవడం తప్పని తెలుసు. అయినా కుళ్లుకునేది.

ఆ ఆదివారం గాలికి తలుపు ధడాలున కొట్టుకుని, ఆ ఫోటో మేకు మీంచి జారి కిందపడింది. అద్దం రెండు ముక్కలైంది. పక్కగదిలోంచి తండ్రి వచ్చేసరికి ఆమె ఫ్రేమును బల్ల మీదికి చేర్చి గాజుముక్కలు ఏరుతోంది. ఆయన దర్జీ. డెబ్బై ఎనిమిదేళ్లు. చూపు మందగించి కుట్టుమిషను మూలకు చేరినా, చేతికి గుడ్డ తగిలితే ఏ రకమో ఇట్టే చెప్పేస్తాడు.

"దాని జోలికి పోకమ్మా. బయట ఇస్తే వాళ్లే అద్దం వేసిస్తారు" అన్నాడు.

అద్దాల పని చేసేదాన్ని ఇంట్లో పెట్టుకుని బయటెందుకని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

అలవాటు కొద్దీ ఫోటో మీద భూతద్దం పెట్టింది. చుక్కలు లేవు, ఇదీ ఫోటో కార్డే. అమ్మ చెంప, అమ్మ మెడ, దుప్పటి అంచు, బిడ్డ గౌను. గౌనుకి వరసగా నాలుగు బొత్తాలు. మూడు చిన్నవి. పై నుంచి మూడోది మాత్రం నల్లగా, పెద్దగా, కోటు బొత్తాంలా ఉంది.

ఆ గౌను ఆమె బీరువాలోనే ఉంది. ఆమె మొదటి గౌను. దాని కథ నాన్న వందసార్లు చెప్పాడు. ఆరో నెలలో ఈమె మూడో బొత్తాం కొరికి మింగేసిందనీ, రెండ్రోజులు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదనీ, అది బయటపడ్డాక తన కోటు బొత్తాం కోసి గౌనుకి కుట్టాననీ. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ అది చెప్పి ఈమెను సిగ్గుతో చంపేవాడు.

గౌను తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన వేళ్లు వాటంతటవే మూడో బొత్తాం మీదికి వెళ్లాయి.

"దీని అసలు బొత్తాం మింగిందెవరు నాన్నా?"

"నువ్వే కదమ్మా."

"మరి ఫోటోలో ఉన్నదెవరు?"

గౌను ముందు అన్నయ్యదేననీ, తర్వాత నీకు తొడిగామనీ ఆయన ఏదో నసిగాడు. నేను పుట్టకముందే పోయినవాడి ఒంటి మీదికి, నేను మింగాక కుట్టిన బొత్తాం ఎలా వచ్చిందని ఆమె అడిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేదేమో.

"అమ్మ నన్ను ఒక్కసారైనా ఒళ్లో కూర్చోబెట్టుకుందా అని ఎన్నేళ్లు అనుకున్నానో నీకు తెలుసా? లేదంటావేమోనని భయపడి అడగలేదు."

ఆయన కుర్చీలో కూలబడి, నేలచూపులు చూస్తూ చెప్పాడు. కాన్పు తర్వాత పట్టుకున్న జబ్బుతోనే అమ్మ పోయింది. బిడ్డను చూసుకోవడానికి వచ్చిన నాయనమ్మ, ఇది తల్లిని పొట్టన పెట్టుకుందని పొద్దస్తమానం అనేది. బిడ్డ ఉన్న ఫోటో తన కళ్లబడకూడదని పొయ్యిలో వెయ్యబోయింది. ఆయన లాక్కుని, ఇది పెద్దాడి ఫోటోనమ్మా అని అబద్ధమాడాడు. పోయిన మనవడంటే ఆవిడకు ప్రాణం. చూపు సరిగా ఆనని మనిషి, నమ్మింది. మళ్లీ దగ్గర్నుంచి చూస్తుందేమోనని తలుపు పైన మేకు కొట్టి తగిలించాడు. ఫోటో బతికిపోయింది.

"నాయనమ్మ పోయాకైనా చెప్పొచ్చుగా?"

"చెబితే ఎందుకు దాచావంటావు. నిన్ను అంత మాట అన్నారని నా నోటితో ఎలా చెప్పను? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే నీ జుట్టు నెరిసిపోయిందమ్మా."

ఆమెకు కోపం వచ్చింది. ఆయన మీద, నాయనమ్మ మీద, ఎవరెవరివో కార్డులు వేలకొద్దీ తిప్పి చూసిన తన మీద. ఫ్రేము వెనక మేకులు లాగి అట్ట తీసింది. కార్డు తిప్పింది. స్టాంపు గడి ఖాళీగా ఉంది. చిరునామా గీతల మీద 'మా అమ్మాయికి' అని ఉంది. పక్కన సన్నటి అక్షరాలు. కళ్లు మసకబారి ఆమెకు అవి ఆనలేదు. తండ్రి కళ్లు మూసుకుని వాటిని మెల్లగా అప్పజెప్పాడు.

"రేపు ఆసుపత్రిలో చేరుతున్నాను. నీకు చదవడం వచ్చాక నాన్న ఇది ఇస్తారు. ఫోటో తీసేటప్పుడు నువ్వు ఒక్క క్షణం ఊరుకోలేదు. గిలక్కాయ ఊపి ఊపి ఫోటో ఆయన అలిసిపోయాడు. నా ఎడమ చెయ్యి ఏమైందని వెతుకుతావేమో. దుప్పటి కింద నీ కాలు పట్టుకుని ఉంది."

కళ్లు తుడుచుకుని ఆమె కార్డు చదువుకుంది. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"నేనివ్వలేదమ్మా" అంటూ ఆయన గౌనును మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆమె తన కుర్చీ లాక్కుని ఆయన మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది. కార్డును మళ్లీ ముందుకు తిప్పి, అమ్మ ఎడమ మణికట్టు దుప్పటి కిందికి వెళ్లిన చోట భూతద్దం పెట్టింది.

"ఏం కనబడుతోందమ్మా?" అన్నాడు తండ్రి.

దుప్పటి మడతలు తప్ప అక్కడ ఏమీ లేదు.

"చెయ్యి" అంది ఆమె.