తీసేసిన చప్పుడు

అన్యాయం జరిగింది మా అక్కకి. పోయిన జూలైలో, ఒక మామూలు మధ్యాహ్నం, ఊరంతా తిని కునుకు తీసే వేళ జరిగింది. ఎవరు చేశారంటారా? మొత్తం చదివాక నన్నే తిడతారో, మిమ్మల్ని మీరే తిట్టుకుంటారో మీ ఇష్టం.

మాది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అక్కా నేనూ, అంతే. అక్క ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే పని చేసేది. నేను అచ్చాఫీసులో పుస్తకాలు కుడతాను. పొద్దుటి షిఫ్టు. బడి చదువు నాకు ఒంటబట్టలేదు గానీ, నా చేతికొచ్చిన ఏ పుస్తకాన్నీ చదవకుండా కుట్టలేదు. ఆ చదువుతోనే దెయ్యాల కథలు రాయడం మొదలుపెట్టాను. ఒక సంపాదకుడు నా కథ తిప్పి పంపుతూ, "అమ్మా, మీలాంటివారు కుటుంబ కథలు ప్రయత్నిస్తే బాగుంటుంది" అని సలహా ఇచ్చాడు. నా కథలో దెయ్యం కుటుంబంలోదే నాయనా. మూడో పేజీ తిప్పి ఉంటే నీకే తెలిసేది.

దారి చూపించింది అక్కే.

"వాళ్ళ గడప పట్టుకుని వేలాడ్డం దేనికే? దేవుడు నీకు నోరిచ్చాడు. అదెలాగూ ఖాళీగా ఉండదు. చదివి ఫోన్లో పెట్టెయ్. ఊరికే ఇస్తే విననంటాడా ఎవడైనా?"

ఊరికే ఇచ్చాను. వారానికో కథ. ఎవరైనా వినచ్చు, దాచుకోవచ్చు, పక్కవాడికి పంపుకోవచ్చు. మొదట్లో వినేవాళ్ళు మా బైండింగు సెక్షన్లో ఆడవాళ్ళే. తర్వాత వాళ్ళ మరుదులు, ఆ తర్వాత రాత్రి డ్యూటీ వాచ్‌మన్లు, లారీ డ్రైవర్లు. మనకి డబ్బు రాలేదు, చెవులొచ్చాయి. రాసేదానికి అంతకన్నా ఏం కావాలి?

రికార్డు చేసేది పడగ్గది గోడలో ఉన్న నిలువెత్తు అల్మారాలో. బట్టల మధ్య కూర్చుంటే గొంతు గోడలకి కొట్టుకుని తిరిగి రాదు. అక్క చీరలు ఒకవైపు, చలికాలం దుప్పట్లు ఇంకోవైపు. మధ్యలో పీట, మైకు, ఒళ్ళో లాప్‌టాప్. తలుపు మూస్తే మిట్టమధ్యాహ్నం కూడా కాటుక చీకటి. కలరా ఉండల వాసన, పాత ఉన్ని వాసన, అక్క తలనూనె వాసన. చెమట వీపు మీంచి జారుతుంటే నా కథలకి నేనే ఒక్కోసారి జడుసుకునేదాన్ని.

గొంతు రికార్డు చేసేవాళ్ళందరూ పాటించే పద్ధతి ఒకటుంది. చదివే ముందు కాసేపు నోరు మూసుకుని మైకు ముందు కూర్చోవాలి. ఫ్రిజ్జు గుర్రు, ఫ్యాను కూత, కింద నీళ్ళ మోటారు మూలుగు, ఆ గదిలో ఎప్పుడూ ఉండే చప్పుళ్ళన్నీ పడతాయి. తర్వాత ఆ ముక్కని కంప్యూటరుకి చూపించాలి. "ఇదిగో, ఇది చెత్త. కథలో ఎక్కడ దొరికినా తుడిచెయ్" అని చెప్పాలి. తుడిచేస్తుంది. మిగిలేది మన గొంతొక్కటే.

చిక్కల్లా అక్కతోనే. ఆవిడ నోరు ఆగదు. గిన్నెలకి బుద్ధులు చెప్తుంది, ఇస్త్రీపెట్టెతో పోట్లాడుతుంది. వినేవాళ్ళు రాయడం మొదలుపెట్టారు: వెనకాల ఎవరో గొణుగుతున్నారు మేడమ్, కథ పాడవుతోంది.

"కాసేపు నోరు కట్టేసుకోలేవా?" అన్నాను.

"నా ఇంట్లో నేను మాట్లాడుకోడానికి నీ పర్మిషన్ కావాలేంటే, దెయ్యాలమ్మా? నీ కథకి జడవనివాళ్ళు నా గొణుగుడికైనా జడుస్తారు, పో."

ఆ జూలై మధ్యాహ్నం నేను అల్మారాలో నోరు మూసుకుని కూర్చుంటే, గోడ అవతల అక్క ఇస్త్రీ చేస్తూ గొణుగుతోంది. మామూలుగా అయితే బయటికొచ్చి అరిచేదాన్ని. ఆ రోజు ఒక ఆలోచన తట్టింది. ఫ్రిజ్జుని తుడవగా లేనిది, దీన్ని తుడవలేదా? అక్క గొణుగుడుతో సహా ఆ ముక్కని చూపించాను. ఇది చెత్త, అన్నాను.

ఎంత శుభ్రంగా తుడిచిందో చెప్పలేను. కథ నడుమ నేను ఆగిన చోటల్లా గొయ్యి తవ్వినట్టు నిశ్శబ్దం. వినేవాళ్ళు ఊగిపోయారు. "లైటు వేసుకుని విన్నాను మేడమ్" అని ఒకాయన. పాత కథలన్నీ కూడా అదే ముక్కతో తుడిచి మళ్ళీ పెట్టాను. వినేవాళ్ళు రెట్టింపయ్యారు, మళ్ళీ రెట్టింపయ్యారు.

మొదటి ఫిర్యాదు అక్క డాక్టరు నుంచి వచ్చింది.

"నా మీద విసుక్కుంటున్నాడే. నేను హలో అంటే అవతలివాళ్ళు ఎవరూ పలకట్లేదని పెట్టేస్తున్నారట."

ఫోను మార్చారు. అయినా అంతే. గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన టార్చి వేసి చూసి, అంతా బాగానే ఉందన్నాడు. అని, ముందుకి వంగి, "కొంచెం గట్టిగా చెప్పమ్మా" అన్నాడు. నాకు అక్క మాట గంటలా వినిపిస్తోంది. ఆయన ఇంకా వంగాడు. "కొంచెం గట్టిగా."

దీపాలు పెట్టే వేళ ఇంటికి నడుస్తూ వస్తుంటే అక్క నవ్వింది. "వాడికి చెవుడేమోనే." నేనూ నవ్వాను. కానీ ఆ వాక్యంలో చివరి ముక్క నాకూ వినపడలేదు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. ఆ సంగతి అక్కకి చెప్పలేదు.

తర్వాత మాటల్లో చిల్లులు పడ్డాయి. ఆ తర్వాత మాట ఒక్కటే కాదు. అక్క ఇస్త్రీపెట్టె దించితే చప్పుడు లేదు. చెప్పులు ఈడ్చుకుంటూ నడిస్తే చప్పుడు లేదు. వెనక్కి తిరిగితే తను నా భుజం దగ్గరే ఉండేది, ఎప్పుడొచ్చిందో తెలియకుండా. పళ్ళ డాక్టరు అక్కని పనిలోంచి తీసేశాడు. అక్క పొయ్యి దగ్గర నిలబడి పెదాలు కదుపుతుంటే, నేను వినపడుతున్నట్టే ఊకొట్టేదాన్ని.

ఒక సాయంత్రం ఎవరో లారీ డ్రైవరు నా కథల్ని వాళ్ళ యూనియన్ గ్రూపులో పెట్టాడు. వాళ్ళకున్నదే ఖాళీ రోడ్డు, ఖాళీ చెవులు. ఫోన్లో వినేవాళ్ళ అంకె గెంతుతోంది. నేను పిల్లని ఎత్తుకున్నట్టు ఫోను పట్టుకుని మురిసిపోతున్నాను. అక్క ఎదురుగా కూర్చుని, స్టీలు గ్లాసులో నీళ్ళు తాగుతూ ఏదో చెప్తోంది.

అంకె గెంతింది. అక్క వాక్యంలో ఒక ముక్క రాలిపోయింది.

అంకె ఆగింది. ఒక మాట వినిపించింది.

మళ్ళీ గెంతింది... మళ్ళీ రాలింది.

ఎక్కడో ఎవరో వింటున్న ప్రతిసారీ ఆ యంత్రానికి నేను చెప్పిన పని మళ్ళీ జరుగుతోంది. ఎక్కడ దొరికినా తుడిచెయ్... కథలోనే తుడవమని చెప్పానా? ఎక్కడైనా అన్నానా?

"అక్కా... మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడు."

"ఎందుకే అలా చూ..."

లేచింది. చేతిలోంచి గ్లాసు జారింది. స్టీలు గ్లాసు, బండ నేల. చప్పుడు లేదు. దొర్లింది, మంచం కోడుకి కొట్టుకుంది, తిరిగొచ్చింది. ఏ చప్పుడూ లేదు. ఇద్దరం దాన్నే చూశాం. తర్వాత అక్క నన్ను చూసింది. అప్పుడు తెలిసింది, తనకీ వినపడట్లేదని.

నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. దీపం వెలుగుతున్న గదిలో, నాకు మూరెడు దూరంలో, మా అక్క కేకలు పెడుతోంది... నాకు ఫ్రిజ్జు గుర్రు తప్ప ఏమీ వినపడట్లేదు.

కథలన్నీ తీసేద్దామని ఫోను వైపు తిరిగాను. కనురెప్ప కొట్టినంత సేపు.

మళ్ళీ చూస్తే గ్లాసు లేదు. అక్క లేదు. తలుపు గడియ లోపలి నుంచి వేసినట్టే ఉంది.

ఫోన్లో పెట్టిన కథలన్నీ తీసేశాను. ఒక్కటీ ఉంచలేదు. ఇల్లంతా వెతికాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియక, అసలు రికార్డులున్న లాప్‌టాప్ పట్టుకుని అల్మారాలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆ తుడిచే యంత్రంలో నేనెప్పుడూ ముట్టని బొత్తం ఒకటుంది. అది నొక్కితే, తుడవగా మిగిలింది కాకుండా, తుడిచి పారేసిందే వినిపిస్తుంది. ఈ పని తెలిసినవాళ్ళు తుడవడం సరిగ్గా జరిగిందో లేదో చూసుకోడానికి పెట్టింది.

చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నొక్కాను.

ఫ్రిజ్జు. ఫ్యాను. మోటారు. నా గొంతు ఎక్కడా లేదు. తర్వాత, చాలా దూరం నుంచి...

"...కాలరుకి ఇంత మురికేంటే తల్లీ, మెడా అది మట్టిగడ్డా..."

అక్క! నా అచ్చాఫీసు చొక్కాని తిడుతోంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తర్వాతి కథ తుడుపు, అంటే అందులోంచి తుడిచి పారేసిన చప్పుళ్ళు, తెరిచాను. అందులో తిట్లు లేవు.

"ఒసేయ్... తలుపు తియ్యవే."

ఇంకోటి తెరిచాను.

"చీకటిగా ఉందే. మొహానికి బట్టలు తగులుతున్నాయి."

నా మొహానికీ తగులుతున్నాయి. అవే చీరలు. అదే నూనె వాసన, ఇందాకటి కన్నా దగ్గరగా.

నెలల కిందటి రికార్డు అది. నెలల కిందటిది... గొంతు తగ్గించి అంది:

"నీ ఊపిరి వినపడుతోంది."

చెయ్యి చాపాను. దుప్పట్లు. చల్లగా ఉన్నాయి. చల్లగా... ఒక్కచోట వెచ్చగా ఉంది. మనిషి కూర్చుంటే నోరు ఉండేంత ఎత్తులో. వెచ్చగా, తడిగా.

"అక్కా?" అన్నాను, పెదాలతోనే.

"గట్టిగా మాట్లాడకు. వింటాయి."

"ఏవి?"

"నేనొక్కదాన్నే అనుకున్నావా ఇక్కడ? ఎవరెవరో తుడిచి పారేసినవన్నీ ఇక్కడికే వస్తాయే. గాలులు, మోటార్లు, దగ్గులు, ఏడుపులు... వాటికి నోళ్ళు లేవు. నా నోరు చూశాయి." ఆగింది. "నేర్చుకుంటున్నాయే."

ఫ్రిజ్జు గుర్రు మారింది. నేను ఫ్రిజ్జనుకున్నది... దాని అడుగున, మందలు మందలుగా, ముక్కుతో, గరగరగా, ఒకదాని తర్వాత ఒకటి:

"హలో... హలో... హలో... డాక్టరుగారు లేరండీ..."

హెడ్‌ఫోన్లు లాగి పడేశాను. చెవిలో ఇంకా వినపడుతోంది. మైకూ లాప్‌టాప్పూ లాక్కుని, తలుపు తోసుకుని బయట పడ్డాను.

అందుకే ఇది చదివి పెట్టట్లేదు, రాస్తున్నాను. కాగితానికి చప్పుడు లేదు. వినేవాళ్ళందరినీ బతిమాలాను: మీ దగ్గర దాచుకున్న నా కథలు తీసెయ్యండి, ఇంకెప్పుడూ వినకండి. ఏం లాభం? ఊరికే ఇచ్చినదాన్ని ఏ మొహం పెట్టుకుని వెనక్కి అడగను? అమ్మి ఉంటే ఎవరెవరు కొన్నారో తెలిసేది, ఇంటింటికీ వెళ్ళి కాళ్ళు పట్టుకునేదాన్ని. ఒకడు జవాబిచ్చాడు: "ఏం పబ్లిసిటీ అక్కా! వణుకు పుట్టించారు. ఇప్పుడే ఇంకో నాలుగు గ్రూపుల్లో పెట్టా." ఇంకొకామె రాసింది: "మీ గొంతు వింటేనే మా అత్తగారికి నిద్ర పడుతుందండీ, రోజూ పెడతాను."

తల్లీ, మీ అత్తగారికి నిద్ర పట్టిన ప్రతి రోజూ మా అక్క ఆ చీకట్లో ఇంకో పొర కిందికి దిగుతోంది. తుడుపులో గొంతు రోజు రోజుకీ దూరమవుతోంది. నిన్న ఒక్క ముక్కే దొరికింది. అది అక్కదో, నేర్చుకున్నవాటిదో చెప్పలేకపోయాను. కూడబుట్టినదాన్ని, చెప్పలేకపోయాను. ఇది చదివేవాళ్ళ ఫోన్లో నా కథ ఒక్కటి ఉన్నా, మీకు దండం పెడతాను, తీసెయ్యండి.

అల్మారాలో మళ్ళీ అడుగు పెట్టలేదు. మైకు అచ్చాఫీసుకి పట్టుకెళ్ళి అక్కడే వదిలేసి వచ్చాను. ఫోనుకీ లాప్‌టాప్‌కీ లోపలుండే మైకులు కూడా పీకించేశాను. ఈ ఇంట్లో రికార్డు చేసే వస్తువు ఒక్కటి కూడా లేదు. ఇక ముందు ఉండదు కూడా, ఒట్టు.

ఈ రోజు మార్చి రెండు. పొద్దున లాప్‌టాప్ తెరిస్తే తుడుపుల్లో నేను పెట్టని ఫైలు ఒకటుంది. విన్నాను. ఇద్దరు ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. ఒకరు మా అక్క. రెండో ఆవిడ, "తలుపు తోసి తోసి నా చేతులు పడిపోయాయక్కా" అంటోంది.

ఆ రెండో గొంతు నాది.

కింద, రికార్డయిన తేదీ ఉంది. మార్చి పంతొమ్మిది.