క్వారీ మలుపులో వెనక సీటు

క్వారీ మలుపు పేరెత్తితే చాలు, డ్రైవర్లకి నోరు తడారిపోతుంది. రాయి తవ్వడం మానేశాక ఆ గొయ్యి నిండా నీళ్ళు చేరాయి. ఓ వానరాత్రి ఏదో కుటుంబం కారుతో సహా అందులోకి దిగిపోయిందట. అప్పట్నుంచీ, చీకటి పడ్డాక ఖాళీ సీటుతో ఏ బండి వెళ్ళినా... అక్కడ ఎవరో ఎక్కుతారంటారు. పాలవ్యాను డ్రైవరైతే పక్కసీట్లో బియ్యం బస్తాకి బెల్టు కట్టి మరీ ఆ మలుపు దాటేవాడు. నవ్వినవాళ్ళంతా పగటిపూటే నవ్వారు.

కిటికీ గ్రిల్లులు చేసే వెల్డరుది ఏడు సీట్ల పెద్ద బండి. ఇంటిల్లిపాదికీ సరిపోయే బండి ఇంత చవగ్గా ఎక్కడా దొరకదని ముచ్చటపడి కొన్నాడు. సెలవొస్తే అందులో ఇసకేస్తే రాలేది కాదు. ముందు తనూ, భార్యా. మధ్య వరుసలో మోకాళ్ళు చాపుకుని అమ్మ, ఆ పక్కనే బావమరిదీ, వాడి పెళ్ళామూ. చివర్న వాళ్ళబ్బాయీ, తన కూతురు బుజ్జీ. ఆ చివరి వరుస బుజ్జి సామ్రాజ్యం. "ఇది నా గది. చెప్పులిప్పి రండి!" అని హుకుం జారీచేసేది.

పోయిన వానాకాలం జ్వరమొచ్చి బుజ్జి పోయింది.

ఆ ఇంట్లో ఉండలేక అమ్మ పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. తన కొడుకుని చూస్తే అక్క కుమిలిపోతోందని బావమరిది రావడం మానేశాడు. అంత బండిలో ఇద్దరే మిగిలారు. అద్దంలో వెనక సీట్లు కనబడకుండా వెల్డరు అద్దాన్ని పైకి తిప్పేసుకున్నాడు.

చివరికి అమ్మేద్దామనుకున్నాడు. పక్క ఊరాయన తెల్లారేసరికి బండి కావాలన్నాడు. రాత్రే బయల్దేరుతుంటే భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"క్వారీ మీదుగా పోదామండీ."

"బైపాస్ ఉందిగా..."

"అక్కడ ఎక్కుతారంటారుగా." ఆమె గొంతు తగ్గించింది. "రేపట్నుంచి ఈ బండి మనది కాదు. తర్వాత అది మనల్ని ఎలా గుర్తుపడుతుంది?"

అది అంటే ఎవరో అతను అడగలేదు. బండిని క్వారీ దారి పట్టించాడు. లోపల అతనిదీ అదే ఆశ.

మలుపు దగ్గరపడింది. పాచినీళ్ళ వాసన... గాలి లేదు... బండి ఉన్నట్టుండి బరువెక్కింది. వెనక స్ప్రింగులు కిర్రుమన్నాయి. గేరు మార్చినా ఈడవలేక ఈడుస్తోంది.

టప్... టప్... చివరి వరుసలోంచి చిన్న కాళ్ళు మధ్య వరుస సీటుని తన్నుతున్నాయి.

"వచ్చింది," అంది భార్య. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

బండి ఆపేశాడు. ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది.

అతని ఎదుట అద్దం ఇంకా పైకే తిరిగి ఉంది.

"బుజ్జేనా?" అన్నాడు.

"కాదండీ..."

"మరి?"

"ఎవరో బాబు. ఒళ్ళంతా తడిసిపోయింది." "నన్ను చూడగానే మొహం వాడిపోయిందండీ వాడికి. వాళ్ళమ్మననుకుని ఎక్కినట్టున్నాడు..."

వెనక తలుపు తెరుచుకుంది.

"ఆగు నాన్నా! ఉండిపో... నేనున్నాగా..." ఆమె సీట్ల మధ్యలోంచి చెయ్యి చాచింది.

తడికాళ్ళ చప్పుడు రోడ్డు దాటింది. గొయ్యి అంచుదాకా వినబడింది... ఆ తర్వాత అదీ లేదు.

బండి తేలికైపోయింది. ఇంజను నడుస్తూనే ఉంది. ఆమె చెయ్యి మాత్రం అలాగే, వెనక్కి చాచి ఉండిపోయింది.