మన కారులోంచి తీసేశాక

నోయిడా దగ్గరి వైశాలిలో ఆ ఆదివారం కుళాయి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇంద్రాణి ఉప్మా కలుపుతోంది. గుడికని ముందుగా వెళ్లి కారులో కూర్చున్న అత్తగారు మాణిక్యం అంతలోనే తిరిగి వచ్చింది.

"ఒరే రఘూ, నా సీటు మీద వేడి పరుపు ఏదిరా?"

"తీసేశానమ్మా. పాడైంది," అన్నాడు రఘునందన్ పేపరులోంచి తల ఎత్తకుండా.

"కార్తీకంలో కొన్నదేగా. అప్పుడే పాడవ్వడమేంటి?"

కారు సాకెట్లో వైరు పెడితే నడుముకి వెచ్చగా ఉండే పరుపు అది. రఘు పనిచేసే నోయిడా కంపెనీదే. వనభోజనాలకి డిక్కీ నిండా తెచ్చి, స్టాఫ్ ధరకే ఇక్కడి తెలుగువాళ్లందరికీ ఇచ్చాడు. మాణిక్యమైతే విస్తరి విస్తరికీ వెళ్లి, మా అబ్బాయి కంపెనీది, నా నడుంనొప్పి పోయిందని చెప్పి మరీ కొనిపించింది.

ఇంద్రాణి స్టవ్ కట్టేసి వచ్చింది. "పాడయ్యిందా, ఇంకేమైనానా? నిజం చెప్పండి."

రఘు గొణిగాడు. లోపలి తీగ కాలిపోతోందట. రెండు చోట్ల కారు సీట్లు అంటుకున్నాయట. అమ్మినవన్నీ వెనక్కి తీసుకోవాలని తెలిసి కూడా, చలికాలం అమ్మకాలు అయ్యాక ప్రకటిద్దామన్నారట పైవాళ్లు.

"బయటికి పొక్కితే నా ఉద్యోగం ఊడుతుంది, ఇంద్రా."

"అచ్ఛా. మన కారులోంచి మాత్రం చడీచప్పుడు లేకుండా తీసేశారు. మిగతావాళ్లు ఏమైపోయినా ఫరవాలేదన్నమాట."

చదువుకున్నవాడు, పదిమందిలో మంచివాడనిపించుకున్నవాడు. నోరు మెదపకపోవడానికి ఇతగాడికి ఏమొచ్చిందో అనుకుంది ఇంద్రాణి.

మాణిక్యం కుర్చీలో కూలబడింది. ముఖం జేవురించింది. "వాళ్లు నీ కంపెనీని చూసి కొన్నారనుకున్నావా? నన్ను చూసి కొన్నార్రా. పక్షవాతం వచ్చాక కేశవరావుగారికి ఎడమవైపు స్పర్శ లేదు. వద్దంటున్నా వినకుండా నేనే అంటగట్టాను. ఒళ్లు కాలినా ఆ మనిషికి తెలీదు."

ఆవిడ ఫోన్ అందుకుంది. రఘు చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కరోజు ఆగమ్మా. రేపు ఆఫీసులో మాట్లాడతాను. ఇంటి లోను ఉంది మనకి."

"ఆయనా, భార్య లీలావతీ ఇవాళ మథుర వెళ్తున్నార్రా, ఆ కారులోనే. మీ నాన్న పోయినరోజు మనవాళ్లెవరూ రైలు దిగకముందే పాడె పట్టింది ఎవరు? అలాంటి మనిషి కింద నిప్పు పెట్టి కూర్చుంటావా? సిగ్గు లేదూ నీకు?"

రఘు చెయ్యి వదిలేశాడు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మాణిక్యం మళ్లీ నొక్కింది. ఈసారి కేశవరావు ఎత్తాడు.

"ఏమ్మా మాణిక్యం, ఎక్స్‌ప్రెస్‌వే మీదున్నాం. లీలావతి నడుపుతోంది. మీవాడి పరుపు పుణ్యమా అని చలే తెలియట్లేదు."

రఘు అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"అంకుల్, నేను రఘుని. ఆంటీని కారు పక్కకి ఆపమనండి. పరుపు వైరు పీకేసి దిగిపోండి. అది అంటుకుంటుంది అంకుల్." ఇంద్రాణి అతన్నే చూస్తోంది. "నాకు ముందే తెలుసు. చెప్పలేదు."

అవతల కారు తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత లీలావతి అంది, "ఆయన్ని దింపాను. వైరు పీకేశాను. పరుపు అడుగున గోధుమరంగుకి మాడింది రఘూ."

వెనకనుంచి కేశవరావు గొంతు. "మీ కారులోది కూడా తీసెయ్ నాయనా. ముందా పని చూడు. దానిమీద అమ్మ కూర్చుంటుంది."

ఎప్పుడో తీసేశానని చెప్పడానికి రఘుకి నోరు రాలేదు. ఫోన్ పెట్టేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంద్రాణి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

మాణిక్యం వచ్చి అతని పక్కన కూర్చుంది.

"మిగతావాళ్లకీ నువ్వే చెప్పు. తిడితే ఇద్దరం కలిసి తిట్లు తిందాం."