ఒకే తీగలో రెండు దారులు

కాన్ వెయ్‌టింగ్ నూడుల్స్ గిన్నె ముందు కూర్చునే చనిపోయాడు.

నైహూలో మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నర. ఆఫీసుల జనమంతా ఒక్కసారిగా వీధిలోకి వచ్చి పడే వేళ. త్సెంగ్ పోహాన్ స్కూటర్‌ని అడ్డదిడ్డంగా ఆపి, వాన కోటు విప్పకుండానే దుకాణంలోకి దూరేసరికి కాన్ తల బల్ల మీదికి వాలి ఉంది. గిన్నెలోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. పక్కవాళ్లు కునుకు తీస్తున్నాడనుకున్నారు. మెడ వెనక, కాలర్‌కి కాస్త పైన, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క.

పోహాన్ నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు.

కాన్ అక్కడి డేటా సెంటర్‌లో ఇంజనీరు. పోహాన్ పనిచేసే గూఢచారి విభాగానికి రహస్యంగా కబుర్లు చేరవేసేవాడు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, "అన్నా, లిన్‌కౌ సెంటర్‌లో ఏదో తేడాగా ఉంది. ఫోన్‌లో వద్దు," అన్నాడు. "రేపు భోజనానికి కలుద్దాంలే," అన్నాడు పోహాన్. ఆ 'రేపు' ఇదే.

గంట తర్వాత పోహాన్, విభాగాధిపతి పాన్ షూహుయ్ గదిలో కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాడు. అరవై ఏళ్ల ఆ పొట్టావిడ కళ్లజోడు పైనుంచి చూసింది.

"కూర్చో."

"కాళ్లు నిలవడం లేదు మేడమ్."

"అయితే తిరుగుతూనే విను. కాన్ పనిచేసిన బిల్డింగ్ ఏడో అంతస్తులో తీర రక్షక దళం సర్వర్లున్నాయి. వాటిలో అరవై మూడు పేర్లున్నాయి. అవెవరివో నీకు చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. అరవై మూడు మంది చేపల పడవల సరంగులు. సముద్రంలో దొంగ ఓడలు కనిపిస్తే గుట్టుగా కబురు పెట్టేవాళ్లు. వాళ్ల పేర్లు విదేశీ ముఠా చేతికి చిక్కితే ఒక్కొక్క పడవా ఖాళీగా ఒడ్డుకి కొట్టుకొస్తుంది. వాళ్లలో పదకొండు మందిని పోహానే ఒప్పించాడు. వాళ్ల డెక్‌ల మీద కాల్చిన స్క్విడ్ తింటూ, "మీ పేరు గాలికి కూడా తెలియదు," అని మాటిచ్చాడు.

"వెనకటికి సర్వర్‌కి రెండు రకాల తీగలుండేవి," అంది పాన్. "డిస్కులకి ఒకటి, నెట్‌వర్క్‌కి ఒకటి. నిరుడు రెండూ కలిపి ఒకే ఈథర్నెట్ తీగలో పెట్టారు. మామూలు డేటా రద్దీలో కాస్త పోయినా మళ్లీ పంపుకుంటుంది. డిస్కుల డేటా అలా కాదు, ఒక్క ముక్క పోకూడదు. అందుకని దానికి ఆ తీగలోనే విడిగా ఒక దారి. అక్కడ రద్దీ పెరిగితే దేన్నీ పారెయ్యరు. 'ఆగు' అని వెనక్కి సంకేతం పంపుతారు."

"ఎవడైనా ఊరికే 'ఆగు, ఆగు' అని పంపుతూ కూర్చుంటే?"

"ముఠా వాళ్లు అదే చెయ్యబోతున్నారట. శుక్రవారం రెండున్నరకి. ఐరిస్ చెప్పింది."

ఐరిస్, సర్వర్ల తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్‌లు అమ్మే కంపెనీలో పెద్ద ఉద్యోగి. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటుంది. రెండేళ్లుగా ఆమె విభాగానికీ కబుర్లు ఇస్తోంది, ఒక్కటీ తప్పు కాలేదు.

గురువారం పోహాన్ ఆమెను టీ దుకాణం వరసలో కలిశాడు. ముత్యాల రంగు గౌను, జుట్టుని పైకి ముడివేసి పట్టుకున్న పొడవాటి వెండి పిన్ను. వరసలో ఉన్న మగవాళ్లు తమ వంతు రావడం కూడా మర్చిపోతున్నారు.

"సగం చక్కెర, ఐస్ వద్దు," అన్నాడు పోహాన్.

"ఈ వానలో ఐస్ తాగేది పిచ్చివాళ్లే," అంది ఆమె. సంకేతం సరిపోయింది. "పద్నాలుగో రాక్‌లో ఏదో సర్వర్‌కి దొంగ కార్డు పెట్టారు. ఏ సర్వరో నాకూ తెలీదు. వెతికే టైము ఉండదు త్సెంగ్ గారూ. 'ఆగు' మొదలవ్వగానే రాక్ పైనున్న స్విచ్‌లు రెండూ ఆపెయ్యండి. పీడ పోతుంది."

"అంతేనా?"

"అంతే. మీరు కాస్త స్థిమితంగా నిలబడితే బాగుంటుంది. అందరూ చూస్తున్నారు."

శుక్రవారం రెండుంబావుకి పోహాన్ కేబుళ్లకి చీటీలంటించే పనివాడి వేషంలో ఏడో అంతస్తులో ఉన్నాడు. బూడిద రంగు యూనిఫాం, మెడలో నకిలీ కార్డు, చేతిలో ఫోన్ దాచిన కేబుల్ టెస్టర్. ప్రతి రాక్ మీదా మిషన్లు బుద్ధిగా ఉంటాయన్న నమ్మకంతో పెట్టిన ఆకుపచ్చ చిప్స్ పొట్లం. షిఫ్ట్ పెద్ద టెంగ్ యాఫాంగ్ ఎండు రేగుపండు చప్పరిస్తూ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"చీటీలు అంటించడానికొచ్చి గంతులేస్తున్నావేంటయ్యా? నా కళ్లు తిరుగుతున్నాయి."

"అలవాటు అక్కా."

రెండున్నర. టెంగ్ తెర మీద పద్నాలుగో రాక్ వరసంతా పసుపు రంగుకి తిరిగింది.

"డిస్కులకి ఏమొచ్చింది?" ఆమె రేగుపండు ఉమ్మేసింది. "నెట్‌వర్క్ బాగానే ఉంది. డిస్కుల దారి ఒక్కటే గడ్డకట్టింది."

టెస్టర్‌లోంచి పాన్ గొంతు. "పోహాన్, తీర రక్షక దళం తెర మీద పడవలు కదలడం లేదు. స్విచ్‌లు ఆపెయ్."

అతను నిచ్చెన ఎక్కాడు. మొదటి స్విచ్ కరెంటు తీగ పట్టుకుని లాగాడు. అది సగం ఊడింది.

"ఒరేయ్, ఆగు," అంది టెంగ్. "రెండూ తీశావంటే ఏమవుతుందో తెలుసా?"

"దొంగ కార్డు నోరు మూతపడుతుంది."

"దాంతోపాటు అన్నీ మూతపడతాయి. తీగ ఒక్కటేగా. ఇప్పుడు నెట్‌వర్క్ ఉంది కాబట్టి ఈ మిషన్లు 'బతికే ఉన్నాం, డిస్క్ కోసం చూస్తున్నాం' అని చెప్పుకుంటున్నాయి. నువ్వు స్విచ్‌లు తీస్తే ఆ మాట కూడా ఉండదు. చచ్చాయనుకుని మా సిస్టమ్ ఈ సర్వర్లలో నడిచే నలభై వర్చువల్ మిషన్లనీ నిమిషంలో లిన్‌కౌలోని మా రెండో సెంటర్‌లో లేపుతుంది. డిస్కులో ఉన్న ప్రతి అక్షరం అక్కడి స్విచ్ గుండా పోతుంది."

లిన్‌కౌ. కాన్ ఫోన్‌లో చెప్పింది ఆ పేరే.

"అక్కడి స్విచ్ ఎవరు పెట్టారక్కా?"

"పోయిన నెలే మార్చారు. ఆ వెండి పిన్ను అందగత్తె వాళ్ల కంపెనీది. కాన్‌కి అది నచ్చలేదు. వచ్చిందానికల్లా ఇంకో కాపీ ఎక్కడికో పంపుతోందనేవాడు, పాపం."

పోహాన్‌కి అర్థమైంది. ముఠాకి కావలసింది 'ఆగు' కాదు. దానికి కంగారుపడి స్విచ్ పీకే నమ్మకస్తుడు కావాలి. అప్పుడే అరవై మూడు పేర్లూ లిన్‌కౌ గుండా వాళ్లకి చేరతాయి.

"ఎందుకు ఆలస్యం?" టెస్టర్‌లో పాన్. "ఆపెయ్ అన్నానా."

"ఆపను మేడమ్. ఐరిస్ మనల్ని అమ్మేసింది." తీగని మళ్లీ లోపలికి నొక్కాడు. "అక్కా, ఆ 'ఆగు'లు స్విచ్‌లో ఏ పోర్ట్ నుంచి వస్తున్నాయో కనిపెట్టగలవా?"

"ఒక్కో పోర్ట్‌కీ లెక్క ఉంటుంది. నలభై ఎనిమిది చూడాలి. నువ్వు మాట్లాడకుంటే తొందరగా అవుతుంది."

రాక్‌ల వరస చివర తలుపు తెరుచుకుంది. మెడలో అతిథి కార్డుతో ఐరిస్ లోపలికొచ్చింది. ఆమె పోహాన్ వంక చూడలేదు. తిన్నగా గోడ మీద, రాక్‌ల కరెంటు ఆపే బ్రేకర్ పెట్టె వైపు నడిచింది.

పోహాన్ నిచ్చెన మీంచి దూకాడు. ఆమె తల వెనక్కి చెయ్యి పోనిచ్చింది. జుట్టు జలపాతంలా భుజాల మీద పడింది. వెండి పిన్ను కొసన సూది మెరిసింది.

"కాన్‌కి నొప్పి తెలియలేదు," అంది ఆమె మెల్లగా. "మీకూ తెలియదు."

పిన్ను దూసుకొచ్చింది. పోహాన్ టెస్టర్ అడ్డం పెట్టాడు. సూది ప్లాస్టిక్‌లో దిగబడి విరిగింది. పాన్ గొంతు మూగబోయింది. ఐరిస్ ఎడమ చెయ్యి బ్రేకర్ మీటని పట్టుకుంది. అతను రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకున్నాడు. మీట కిందికి జారుతోంది. సగం దాటింది. ఆమె అతని మోకాలి మీద తన్నింది, అతను వదల్లేదు. మూడు రోజుల్లో మొదటిసారి అతను కదలకుండా నిలబడ్డాడు.

"ముప్పై ఒకటి," అంది టెంగ్. కీబోర్డు మీద ఒక మీట నొక్కి ఆ పోర్ట్‌ని మూసేసింది.

తెర మీద పసుపు రంగు ఒక్కొక్క గడీ చొప్పున ఆకుపచ్చగా మారింది. మిషన్లకి తాము ఆగిన సంగతి కూడా తెలిసినట్టు లేదు, వదిలేసిన చోటి నుంచే పని అందుకున్నాయి. పోహాన్ ఐరిస్ చేతిని మీట మీంచి ఒక్కొక్క వేలే విప్పదీసి, జేబులోని ప్లాస్టిక్ పట్టీతో రెండు మణికట్లూ కలిపి బిగించాడు.

"రెండేళ్లు ఒక్క తప్పు కబురూ ఇవ్వలేదు నేను," అంది ఐరిస్. జుట్టు కళ్ల మీద పడుతున్నా తల విదిలించలేదు. "ఇదొక్కటే."

"కాన్ ఇంటికి రండి. అతని భార్యకి చెబుదురుగాని."

నాలుగింటికల్లా ఆమెను తీసుకెళ్లిపోయారు. లిన్‌కౌ స్విచ్‌ని విప్పి పెట్టెలో పెట్టారు. పాన్ టెంగ్ బల్ల మీది ఫోన్‌కి చేసి, "కాన్ మాట ముందే విని ఉంటే బతికేవాడా?" అని అడిగింది.

"నేను వినాల్సింది మేడమ్. సోమవారం సాయంత్రమే."

బయట వాన వెలిసింది. వెళ్లబోతుంటే టెంగ్ అతని మీదికి ఒక కాగితం తోసింది. "ఇదెవరు నింపుతారు? పర్మిషన్ లేకుండా స్విచ్ తీగ సగం లాగావు. మార్పు ఫారం ఇచ్చి కదులు."

పోహాన్ నిలబడే పెన్ను అందుకున్నాడు. పేరు గడిలో నకిలీ పేరు రాశాడు. 'ఈ పని వల్ల కలిగిన ఫలితం' అన్న గడి దగ్గర కాసేపు ఆగి, జాగ్రత్తగా రాశాడు: "ఏమీ జరగలేదు."

టెంగ్ చదివి ముఖం చిట్లించింది. "మరి దీనికోసం అంత గొడవెందుకు చేశావయ్యా?"