పేరు అడిగిన మధ్యాహ్నం

డాక్టరు స్కాన్ ఫిల్మును వెలుతురుకు పట్టి, పెన్నుతో చూపించాడు.

"ఇదంతా పెద్ద మెదడు. ఆలోచన, మాట, జ్ఞాపకం ఇక్కడే. ఇది పోయింది. వెనకున్నది చిన్న మెదడు. మనిషి తూలకుండా నిలబెట్టేది అదే. అదీ దెబ్బతిన్నది. కింద ఈ కాండం ఒక్కటే మిగిలింది. ఊపిరి, గుండె అదే నడుపుతోంది."

"నన్ను గుర్తువడ్తడా సారూ?" అంది సోమమ్మ.

"గుర్తుపట్టడానికి లోపల ఎవరూ లేరమ్మా."

పటాన్‌చెరులో పనిచేసే చోట షెడ్డు పైరేకు విరిగి పడ్డాడు ఆమె భర్త మల్లన్న. ఆయన్ని పటేల్‌గూడలోని కిరాయి గదికి తెచ్చుకుంది. ముక్కు గొట్టంలో జావ పోయడం, పక్కలు మార్చడం, ఒళ్లు తుడవడం... చేతులు వాటంతటవే చేసుకుపోయేవి. ఏడుపు మాత్రం ఒక్కనాడూ రాలేదు.

ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది. కరెంటు పోయింది. ఫ్యాను ఆగాక గదిలో డెట్టాలు వాసన, దాని వెనకే ఫ్యాక్టరీల వైపు నుంచి కుళ్లిన గుడ్ల కంపు. రేకుల మీద చినుకుల చప్పుడు. సోమమ్మ జావ పోస్తోంది.

మల్లన్న ఊపిరి ఆగింది.

మళ్లీ మొదలైంది. తడబడుతూ... ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నట్టు.

పెదవులు కదిలాయి.

"ఈయన... పేరేంది?"

గొంతు మల్లన్నదే. చూపు ఆయనది కాదు. భయపడాలని ఆమెకు తెలుసు. భయం కూడా రాలేదు.

"మల్లన్న."

"నీ పేరు?"

"సోమమ్మ."

కళ్లు మూతపడ్డాయి. ఆమె మిగిలిన జావ పోసి, మూతి తుడిచింది.

వారానికి మళ్లీ స్కాన్ తీశారు. "ఏ మార్పూ లేదు. మాట్లాడే వీలే లేదమ్మా," అన్నాడు డాక్టరు.

ఆస్పత్రి వరండాలో మల్లన్న స్ట్రెచర్ పక్కనే ఇంకొకటి ఉంది. దాని మీద పాతికేళ్ల పిల్ల. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎటూ చూడటం లేదు. తోడున్న ఆడమనిషి సోమమ్మ దగ్గరికి జరిగింది.

"అక్కా... మీ ఆయన గూడ పేరడిగిండా?"

సోమమ్మ తలూపింది.

"ఇది నా చెల్లె. దీని మొగడు గిట్లనే పడుండె. దీన్ని అడిగిండట. మొగని పేరు చెప్పింది, ఏం గాలే. ఆ ఎన్క తన పేరు చెప్పింది. గప్పటి సంది ఇది గిట్లయింది." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "నువ్వు నీ పేరు చెప్పలే గద?"

అంతలో కౌంటర్ దగ్గర నుంచి నర్సు పిలిచింది. "సోమమ్మ ఎవరమ్మా? సంతకం పెట్టాలె."

సోమమ్మ లేవబోయింది.

స్ట్రెచర్ మీద మల్లన్న చెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది.